రిటైర్‌మెంట్ లెక్క ఇవాళ్టి డబ్బులోనే వెయ్యండి, లేకపోతే ఇన్‌ఫ్లేషన్ చేతిలో మోసపోతారు

మొదటిసారి రిటైర్‌మెంట్ లెక్క వేసుకున్నప్పుడు నేను చేసిన తప్పు ముందు చెప్తా, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు, పైగా కాగితం మీద లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి అనుమానమే రాదు. ఏడాదికి ఇంత ఖర్చవుతోంది, రిటైరయ్యాక ఓ ముప్పై ఏళ్ళు బతుకుతా అనుకుందాం, ఖర్చు ఇంటూ ముప్పై, అదే టార్గెట్ అని రాసుకుని, నా పొదుపు ఏడాదికి 9 శాతం చొప్పున పెరిగితే 25 ఏళ్ళలో ఆ నంబర్ వచ్చేస్తుందిలే అని హాయిగా పడుకున్నా.

తప్పెక్కడంటే ఖర్చేమో ఇవాళ్టి ధరల్లో వేశా, చేతికొచ్చేదేమో 25 ఏళ్ళ తర్వాతి డబ్బులో వేశా. ఆ రెండూ పేరొకటే గానీ వేర్వేరు కరెన్సీలు. నంబర్లు పెట్టి చూడండి, ఏ దేశం డబ్బు అన్నది మీ ఇష్టం. ఏడాదికి 800 ఖర్చు, ముప్పై ఏళ్ళకి 24,000. ఇన్‌ఫ్లేషన్, అంటే ధరలు పెరిగే వేగం, ఏడాదికి 6 శాతం అనుకుంటే 25 ఏళ్ళలో ధరలు 4.29 రెట్లవుతాయి, అంటే అప్పుడు మీ చేతికొచ్చే 24,000 కి ఇవాళ్టి విలువ సుమారు 5,600. దాన్ని 800 తో భాగిస్తే 7. ఆ తర్వాత వచ్చే వడ్డీ ఇన్‌ఫ్లేషన్‌కి సరిగ్గా సరిపోతుందనుకున్నా సరే, ముప్పై ఏళ్ళకి దాచాననుకున్న డబ్బు ఏడేళ్ళకే ఖాళీ.

కాబట్టి మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే, లెక్క మొత్తం ఒకే డబ్బులో ఉండాలి. అన్నీ భవిష్యత్తు డబ్బులో వెయ్యొచ్చు, అన్నీ ఇవాళ్టి డబ్బులో వెయ్యొచ్చు, సరిగ్గా వేస్తే రెండిట్లోనూ జవాబు ఒకటే. నేనైతే ఇవాళ్టి డబ్బే అంటా. ఎందుకంటే భవిష్యత్తు నంబర్లు మరీ పెద్దవిగా కనిపించి మనిషిని భయపెడతాయి, లేదంటే ఇంకా ప్రమాదంగా గర్వపడేలా చేస్తాయి, "ఇంత వస్తుందట" అని. ఇవాళ్టి డబ్బైతే దాంతో ఏమొస్తుందో మనకి అనుభవంతో తెలుసు.

ఇవాళ్టి డబ్బులో లెక్క వేస్తే ధరలు పెంచాల్సిన పనిలేదు, కానీ రాబడిని మాత్రం తగ్గించుకోవాలి. దీన్నే రియల్ రిటర్న్ అంటారు. 9 శాతం రాబడి, 6 శాతం ఇన్‌ఫ్లేషన్ అయితే 1.09 ని 1.06 తో భాగించండి, 1.028 వస్తుంది, అంటే నిజంగా పెరిగింది 2.8 శాతం. తొమ్మిదిలోంచి ఆరు తీసేసి మూడు అనేసుకున్నా చిన్న నంబర్ల దగ్గర పెద్ద తేడా రాదు, ఇన్‌ఫ్లేషన్ 15, 20 ఉన్న చోట మాత్రం భాగహారమే చెయ్యండి.

ఇక్కడే టాక్స్ సంగతి. టాక్స్ వాళ్ళు చాలా చోట్ల వడ్డీ మొత్తం మీద వసూలు చేస్తారు, అందులో ఇన్‌ఫ్లేషన్ ఎంత పోయిందో వాళ్ళకి అనవసరం. 7 శాతం వడ్డీ మీద 20 శాతం టాక్స్ పోతే మిగిలేది 5.6, ఇన్‌ఫ్లేషన్ 6 అయితే మీ డబ్బు ఏడాదికి దాదాపు 0.4 శాతం చొప్పున కరుగుతోంది, స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ మాత్రం ఏటా పెరుగుతూనే కనిపిస్తుంది. చాలామంది "సేఫ్" అనే మాట వాడేది దీని గురించే.

సరే, ఇన్‌ఫ్లేషన్ ఎంత అని వేసుకోవాలి? పోయిన ఏడాది ఎంతుందో అది వెయ్యకండి, అది మరీ ఎక్కువైనా అయ్యుంటుంది, మరీ తక్కువైనా అయ్యుంటుంది. మీరున్న దేశంలో గత 20, 25 ఏళ్ళ సగటు తీసుకోండి. సెంట్రల్ బ్యాంక్ టార్గెట్ కూడా ఒక ఆధారమే, అమెరికా ఫెడ్‌కి, యూరప్ సెంట్రల్ బ్యాంక్‌కి 2 శాతం, మన రిజర్వ్ బ్యాంక్‌కి 4 శాతం, కానీ టార్గెట్ అనేది గ్యారంటీ కాదు, 2022 జూన్‌లో అమెరికాలో 9.1, అదే ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్‌లో 11.1 శాతం చూశారు, ఇద్దరి టార్గెట్టూ 2 శాతమే.

తొందరగా ఒక అంచనా కావాలంటే 72 ని ఇన్‌ఫ్లేషన్ శాతంతో భాగించండి, ధరలు రెట్టింపు కావడానికి ఎన్నేళ్ళో వస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్ళు, 4 అయితే 18, 3 అయితే 24. ఇది గుర్తుంటే సగం మోసాలు తప్పించుకోవచ్చు, ఎవరైనా "ఇరవై ఏళ్ళకి రెట్టింపు గ్యారంటీ" అని స్కీమ్ అమ్మడానికి వస్తే 72 బై 20, అంటే 3.6 శాతం అని మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇంకోటి, ప్రభుత్వం ప్రకటించే ఇన్‌ఫ్లేషన్ మీ ఇన్‌ఫ్లేషన్ కాదు. అది లక్షలాది ఇళ్ళ సగటు బుట్ట. మీ బుట్ట వేరు, వయసు పెరిగేకొద్దీ అది ఇంకా వేరవుతుంది. అందుకని ఖర్చుని ఒకే ముద్దగా కాకుండా కనీసం రెండు ముక్కలు చెయ్యండి, వైద్యం ఒకటి, మిగతావన్నీ ఒకటి. ఉదాహరణకి మొత్తం ఖర్చు 100 లో వైద్యం 15, అది ఏటా 10 శాతం పెరుగుతోంది, మిగతా 85 ఏటా 5 శాతం పెరుగుతోంది అనుకోండి. 25 ఏళ్ళకి ఆ 15 కాస్తా 163 అవుతుంది, 85 ఏమో 288 అవుతుంది. మొత్తంలో 15 శాతంగా ఉన్న వైద్యం 36 శాతానికి వచ్చేసింది. మీరేమీ ఎక్కువ జబ్బు పడకుండానే. ఇది చూశాక నేను చేసిన మొదటి పని హెల్త్ ఇన్సూరెన్స్‌ని రిటైర్‌మెంట్ ప్లాన్‌లో భాగంగా చూడ్డం, అంతకుముందు రెండూ వేర్వేరు ఫైళ్ళు.

ఖర్చెంతో తేల్చడానికి ఊహించుకోకండి, గత ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్, కార్డ్ బిల్లులు తీసి కూడండి. తర్వాత రిటైరయ్యాక ఉండనివి కొట్టెయ్యండి, లోన్ ఈఎంఐ, పిల్లల ఫీజులు, ఆఫీసుకి వెళ్ళొచ్చే ఖర్చు, అసలు ఈ పొదుపే. కొత్తగా వచ్చేవి కలపండి, వైద్యం, ఇంట్లో సాయానికి మనిషి, ఖాళీ టైం ఎక్కువ కాబట్టి మొదటి పదేళ్ళు తిరుగుళ్ళు. ఇప్పుడు ఆఫీసు భరిస్తున్నవి కూడా చూడండి, ముఖ్యంగా ఇన్సూరెన్స్, చాలామంది మర్చిపోయేది అదే. సొంతిల్లు ఉంటే అద్దె అనే ఏటా పెరిగే ఖర్చు ఒకటి తప్పినట్టే, రిపేర్లు మాత్రం రాసుకోండి.

ఇలా తేలిన నంబర్‌ని ఇవాళ్టి డబ్బులో ఏడాదికి 800 అనుకుందాం. ఇప్పుడు దానికి ఎన్ని రెట్లు కూడబెట్టాలి అన్నది అసలు ప్రశ్న, ఇక్కడ జనం మర్చిపోయేదేంటంటే రిటైర్ అయిన రోజుతో ఇన్‌ఫ్లేషన్ ఆగిపోదు, జీతం పెరగడం ఆగిపోతుంది గానీ ధరలు పెరగడం ఆగదు. అరవైలో 100 ఉన్న ఖర్చు 6 శాతం చొప్పున డెబ్బై రెండులో 200, ఎనభై నాలుగులో 400. అందుకే రిటైరయ్యాక డబ్బు మొత్తం పెరగని చోట పెట్టేస్తే ఇబ్బంది.

ఎన్ని రెట్లు అన్నది రిటైరయ్యాక మీ రియల్ రిటర్న్ ఎంతుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ముప్పై ఏళ్ళు నడవాలి, ఏడాది మొదట్లో ఆ ఏడాది ఖర్చు తీసేసుకుంటారు అనుకుంటే, రాబడి ఇన్‌ఫ్లేషన్‌తో సమానమైతే 30 రెట్లు కావాలి, ఇన్‌ఫ్లేషన్ కంటే 1 శాతం ఎక్కువైతే 26 రెట్లు, 2 శాతం ఎక్కువైతే 23 రెట్లు చాలు, 1 శాతం తక్కువైతే మాత్రం 35 రెట్లు కావాలి. నేను 1 శాతమే వేసుకుంటా, అంతకన్నా ఆశపడితే మన్ను తవ్వి మణులు వెతికినట్టే. 800 ఇంటూ 26, 20,800. ఇది ఇవాళ్టి డబ్బులో మీ టార్గెట్ కార్పస్, అంటే పోగెయ్యాల్సిన మొత్తం.

ఇప్పుడు వయసు 35, రిటైరయ్యేది 60 కి, ఇప్పటికే 2,000 ఉంది, పనిచేసే కాలంలో రియల్ రిటర్న్ 3 శాతం అనుకోండి. ఆ 2,000 పాతికేళ్ళలో ఇవాళ్టి డబ్బులో సుమారు 4,190 అవుతుంది. ఇంకా 16,600 చిల్లర కావాలి. ఏటా 1 చొప్పున కట్టుకుంటూ పోతే 3 శాతం లెక్కన ఆ పాతికేళ్ళకి మొత్తం 36.46 అవుతుంది, ఎక్సెల్‌లో ఎఫ్‌వీ ఫార్ములా కొడితే మీకే వచ్చేస్తుంది, కాబట్టి 16,600 ని దాంతో భాగిస్తే ఏడాదికి సుమారు 456 దాచాలి.

ఆగండి, ఆ 456 కూడా ఇవాళ్టి డబ్బే. అంటే వచ్చే ఏడాది ఇన్‌ఫ్లేషన్ 6 శాతం ఉంటే 483 కట్టాలి, ఆపై ఏడాది 512, అలా. "నెలకింత" అని ఆటో డెబిట్ పెట్టి పాతికేళ్ళు దాన్ని ముట్టుకోకపోతే ఏమవుతుందో కూడా లెక్క చూశా, ఆ 16,600 లో సగం కంటే కాస్త పైన మాత్రమే పోగవుతుంది. పద్ధతిగా ఒక్క నెల కూడా తప్పకుండా కట్టి, చివరికి సగం దగ్గర ఆగడం, అంతకన్నా బాధ ఏముంటుంది చెప్పండి. జీతం పెరిగిన నెలలోనే, పెరిగిన జీతానికి చెయ్యి అలవాటు పడకముందే కట్టే మొత్తాన్ని పెంచెయ్యండి, చాలా చోట్ల ఏటా ఇంత శాతం పెరిగేలా ముందే పెట్టుకునే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడుకోండి.

456 చూసి గుండె జారిపోతే ఏం మారిస్తే ఎంత తగ్గుతుందో చూడండి. 60 బదులు 63 కి రిటైరైతే కట్టే ఏళ్ళు పెరుగుతాయి, తినే ఏళ్ళు తగ్గుతాయి, ఏడాదికి 337 చాలు, అంటే పావు వంతు పైనే తగ్గింది. మూడేళ్ళకి అంత ప్రభావం ఉంటుందని నేను అనుకోలేదు. అదే 35 కి బదులు 45 కి మొదలుపెడితే ఆ 2,000 అప్పటికి చేతిలో ఉన్నా సరే ఏడాదికి 950 కావాలి. ఇక ఇన్‌ఫ్లేషన్ మనం అనుకున్న దానికంటే 2 శాతం ఎక్కువుండి రాబడి మాత్రం పెరగకపోతే, అంటే పనిచేసేటప్పుడు 3 బదులు 1, రిటైరయ్యాక 1 బదులు మైనస్ 1 అయితే, 456 కాస్తా దాదాపు 900. అందుకే ఒకే లెక్క వేసి ఊరుకోకుండా మామూలు లెక్క ఒకటి, 2 శాతం ఎక్కువ ఇన్‌ఫ్లేషన్‌తో ఇంకోటి వేసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి, మొదటిదాని ప్రకారం కడుతూ రెండోదాని వైపు వీలైనప్పుడల్లా జరగండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే నేను ఫలానా దాంట్లో పెట్టండి అని చెప్పను, కానీ ఇన్‌ఫ్లేషన్‌కి మందు అని చెప్పే వాటి చరిత్ర కొంచెం చెప్తా. బంగారం 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకింది, ఆ తర్వాత పడిపోయి మళ్ళీ ఆ నంబర్ దాటింది 2008 జనవరిలో, 28 ఏళ్ళు, ఈలోగా అమెరికాలో ధరలు రెండున్నర రెట్లు దాటాయి. షేర్ల సంగతి చూస్తే అమెరికా డౌ జోన్స్ సూచీ 1966 లో 1000 దగ్గరికి వచ్చింది, 1982 లో కూడా 1000 దగ్గరే ఉంది, డివిడెండ్లు వచ్చాయనుకోండి, అయినా ఆ మధ్యలో ధరలు దాదాపు మూడింతలయ్యాయి. అంటే బంగారం పనికిరాదు, షేర్లు పనికిరావు అని కాదు, షేర్లు ఎక్కువ కాలంలో చాలా చోట్ల ఇన్‌ఫ్లేషన్‌ని దాటాయి, కానీ "ఎక్కువ కాలం" అంటే మనం అనుకునే ఐదేళ్ళు కాదు. ఒక్కదాన్నే నమ్ముకుంటే మీ పాతికేళ్ళు దాని చెడ్డ పాతికేళ్ళతో కలిసిపోవచ్చు.

నేరుగా ఇన్‌ఫ్లేషన్‌కి కట్టేసిన ప్రభుత్వ బాండ్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి, బ్రిటన్ 1981 లో మొదలెట్టింది, అమెరికా 1997 లో, ధరలు పెరిగితే అసలు కూడా పెరుగుతుంది. మీ దగ్గర దొరికితే రిటైరయ్యాక తప్పనిసరి ఖర్చులకి ఇది మంచి చోటు, మెచ్యూరిటీ దాకా ఉంచుకోండి అంతే, మధ్యలో అమ్మితే వడ్డీ రేట్లు పెరిగినప్పుడు వీటి ధర కూడా పడుతుంది.

పెన్షన్ లేదా యాన్యుటీ (ఒకేసారి డబ్బు కట్టేసి తర్వాత క్రమంగా తీసుకునేది) ఉంటే ఒకే ప్రశ్న అడగండి, ఇది ఏటా పెరుగుతుందా? పెరగని పెన్షన్ 100 వస్తే 6 శాతం ఇన్‌ఫ్లేషన్‌లో పన్నెండేళ్ళకి దాని కొనే శక్తి 50, ఇరవై నాలుగేళ్ళకి 25. అమెరికా సోషల్ సెక్యూరిటీ 1975 నుంచి ధరల సూచీని బట్టి దానంతటదే పెరుగుతుంది, అలాంటిదైతే వచ్చే మొత్తాన్ని మీ 800 లోంచి నేరుగా తీసేసి మిగతాదానికే 26 రెట్లు వేసుకోవచ్చు. పెరగనిదైతే అలా తీసెయ్యకండి, మొదటి పన్నెండేళ్ళకి సగం, ఆ తర్వాత పావు లెక్కన వేసుకోండి. యాన్యుటీ కొనేటప్పుడు పెరిగే రకం మొదట్లో తక్కువ ఇస్తుంది కాబట్టి అందరి కళ్ళూ పెరగని దాని మీదే పడతాయి, 80 ఏళ్ళ వయసులో ఏది ఎంతిస్తుందో చూసి అప్పుడు తేల్చుకోండి.

ఇక రిటైరయ్యాక ఎంత తియ్యాలి అన్న దగ్గర 4 శాతం రూల్ వినే ఉంటారు. విలియం బెంగెన్ అనే అమెరికన్ ఫైనాన్షియల్ ప్లానర్ 1994 లో వేసిన లెక్క అది. మొదటి ఏడాది కార్పస్‌లో 4 శాతం తీసుకోవడం, తర్వాత ప్రతి ఏడాదీ ఆ మొత్తాన్ని ఇన్‌ఫ్లేషన్ మేరకు పెంచుకుంటూ పోవడం, 1926 నుంచి అమెరికా లెక్కలు పెట్టి చూస్తే ఏ ఏడాది రిటైరైనా డబ్బు ముప్పై ఏళ్ళు వచ్చింది. చాలామంది ఏటా మిగిలిన దాంట్లో 4 శాతం అనుకుంటారు, అది వేరే లెక్క. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది 1929 షేర్ మార్కెట్ క్రాష్ ముందు రిటైరైనవాళ్ళు కాదు, 1960ల చివర్లో రిటైరైనవాళ్ళు. ఎందుకంటే 1929 తర్వాత మార్కెట్‌తో పాటు ధరలు కూడా పడ్డాయి, కాబట్టి తియ్యాల్సిన డబ్బూ తగ్గింది, 1970ల్లో మాత్రం మార్కెట్ కుంగింది, ధరలేమో మండిపోయాయి, ఏటా ఎక్కువ తియ్యాల్సి వచ్చింది, ఒకసారి పెంచాక ఆ ఖర్చు మళ్ళీ తగ్గదు. అది అమెరికా లెక్క అని, ముప్పై ఏళ్ళకే అని గుర్తుంచుకోండి, 45 కే రిటైర్ అవుదామనుకునేవాళ్ళు దాన్ని అలాగే వాడేస్తే కష్టం.

దెబ్బ ఎప్పుడు తగిలిందన్నది ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క. ఇద్దరి దగ్గరా 100, ఇద్దరూ ఏడాది మొదట్లో 5 చొప్పున తీస్తారు. ఒకరికి రాబడులు మైనస్ 20, సున్నా, ప్లస్ 30, ఇంకొకరికి అవే తిరగేసి. మూడేళ్ళయ్యాక మొదటివాళ్ళ దగ్గర 85.8, రెండోవాళ్ళ దగ్గర 90.8. ఏమీ తియ్యకుండా ఉంటే ఇద్దరికీ 104. మూడేళ్ళకే ఇంత తేడా, ముప్పై ఏళ్ళకి ఎంత అవుతుందో చూడండి.

దీనికి నేను పెట్టుకున్న పద్ధతి, రిటైరయ్యే నాటికి రెండు మూడేళ్ళ ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే చోట, తర్వాత ఐదారేళ్ళది బాండ్ల లాంటి చోట, మిగతాది పెరిగే చోట. మార్కెట్ పడిన ఏడాది మూడోదాన్ని ముట్టుకోను. రెండు మూడేళ్ళ కంటే ఎక్కువ మొదటిదాంట్లో ఉంచను, ధైర్యం కోసం పదేళ్ళది పెట్టుకుంటే ఆ ధైర్యానికి ఇన్‌ఫ్లేషన్ ఏటా ఫీజు వసూలు చేస్తుంది. అలాగే ఖర్చుని తప్పనిసరివి, ఆపుకోగలిగేవి అని విడదీసి పెట్టుకున్నా, ధరలు బాగా పెరిగిన ఏడాది రెండోవాటిని పెంచకుండా వదిలేస్తే చాలు, డబ్బు చాలా ఎక్కువ కాలం వస్తుంది.

ఏడాదికోసారి, అదే నెలలో, ఓ గంట కూర్చోండి. షీట్‌లో కాలమ్స్ ఎక్కువ పెట్టకండి, నాకు మొదట ఇరవై ఉండేవి, ఎప్పుడూ తెరిచేవాణ్ణి కాదు. ఇప్పుడు నాలుగే, ఈ ఏడాది నిజంగా అయిన ఖర్చు, పోయిన ఏడాది కంటే ఎంత శాతం పెరిగింది, ఇప్పటికి పోగైంది ఎంత, అది ఈ ఏడాది ఖర్చుకి ఎన్ని రెట్లు. చివరి కాలమ్‌కి ఇన్‌ఫ్లేషన్ సర్దుబాటు అక్కర్లేదు, పైదీ కిందదీ రెండూ ఈ ఏడాది డబ్బే కాబట్టి. నాది మొదటి ఏడాది 3.1 రెట్లు, కార్పస్ పెరిగినా రెండో ఏడాది కూడా 3.1 రెట్లే ఉంది, ఖర్చు కూడా అంతే పెరిగింది మరి, ఆ ఏడాదే ఆటో డెబిట్ మొత్తం మార్చా.